30 శాతం పరిమితి పోయింది, మరి నా కేసు?

ప్రశ్న: క్రెడిట్ కార్డు బాకీపై నెలకు 3.5 శాతం వడ్డీ వేస్తున్నారు. ఏడాదికి 30 శాతం దాటకూడదన్న ఉత్తర్వు చూపించి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. అప్పీలులో ఆ ఉత్తర్వు చెల్లకుండా పోయిందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజమేనమ్మా. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఆ ఉత్తర్వును బ్యాంకుల అప్పీళ్లపై సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టేసింది. వడ్డీకి పరిమితి పెట్టే అధికారం కమిషన్‌కు లేదని, అది రిజర్వు బ్యాంకు చూసుకోవాల్సిన విషయమని చెప్పింది. పదహారేళ్లు ఎదురుచూసిన కార్డుదారులకు ఇది పెద్ద దెబ్బే.

అయినా కేసు వదులుకోకండి. పోయింది రేటు ఎక్కువన్న వాదన ఒక్కటే. స్టేట్‌మెంట్లు ముందేసుకుని లెక్క చూడండి. 40,000 రూపాయల బాకీకి నెల వడ్డీ సుమారు 1,400. కొత్తగా ఏమీ కొనకపోయినా అంతకు బాగా మించితే, ఆలస్య రుసుము మీద, పన్ను మీద కూడా వడ్డీ కట్టారేమో చూడండి. ఆర్‌బీఐ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. గడువు దాటి మూడు రోజులు మించితే తప్ప ఆలస్య రుసుమే వేయకూడదు. ఇవి సేవాలోపం కిందికి వస్తాయి. ఫిర్యాదు సవరణకు అనుమతి కోరమని మీ వకీలుకు చెప్పండి. కేసు నడుస్తుండగా ఇదే విషయంపై ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించినా ఫిర్యాదు తీసుకోరు.