ఇంజను బాగైన పిదప గేర్లపెట్టె మొరాయించుట

మన పాఠశాల పూర్వ విద్యార్థి యొకడు అమెరికాలో నున్నాడు. అతనికి 1986వ సంవత్సరపు షెవ్రొలే కమేరో కారు గలదు. దాని ఇంజనును బాగుచేయించి, పాత కార్బురేటరునకు బదులుగా వేరొక రకపు క్రొత్తదానిని వేయించెను. ఇంటికి వచ్చు దారిలోనే గేర్లు వేళకు ముందుగా మారసాగెను. ఎత్తు ఎక్కునపుడు ఇంజను హోరెత్తుచుండెనే కాని కారు ముందుకు సాగదాయెను. గేర్లపెట్టె పాతబడినది గనుక దానిని మార్చవలసినదే యని మరమ్మతుదారులు చెప్పిరట. అంత సొమ్ము అతనియొద్ద లేదు. ఏమి చేయుదునని మాకు జాబు వ్రాసెను.

ఇంజను పనికి ముందు గేర్లు చక్కగా మారుచుండెనా యని మేము అడిగితిమి. చక్కగా మారుచుండెనని ప్రత్యుత్తరము వచ్చెను. పిల్లలారా, రోగనిర్ణయములో సగము ఇచ్చటనే జరిగినది. నిన్నటివరకు బాగున్నది నేడు చెడినచో, నడుమ ఎవరి చేయి ఎచ్చట పడినదో మొదట చూడవలెను.

ఆ కారులోనిది 700-ఆర్4 అను గేర్లపెట్టె. జనరల్ మోటార్స్ వారు దీనిని 1982వ సంవత్సరపు కార్లతో వాడుకలోనికి తెచ్చిరి. ఇందులో గేర్లను మార్చునది మనుష్యుని చేయి కాదు, నూనె యొత్తిడి. ఇంజను త్రిప్పెడి పంపు నూనెను త్రోయగా, ఆ యొత్తిడి క్లచ్చి పలకలను బిగబట్టును. గేరు ఎప్పుడు మారవలెనో తెలియుటకు రెండు వార్తలు కావలెను. కారు వేగమెంతయో గవర్నరు అను భాగము తెలుపును. నడుపువాడు ఎంత బలము కోరుచున్నాడో ఒక తీగ తెలుపును. అది సైకిలు బ్రేకు తీగవంటిదే. ఒక కొన కార్బురేటరు మీటకును, రెండవ కొన గేర్లపెట్టెలోని వాల్వునకును తగిలియుండును. గేరు మారు వేళను సవరించుటకే ఈ తీగ యున్నదని పలువురు తలంతురు. ఇదే పెద్ద పొరపాటు. బరువు పెరిగినపుడు నూనె యొత్తిడిని పెంచునదియు నిదియే. తీగ మిక్కిలి బిగిసినచో గేర్లు ఆలస్యముగా, కుదుపుతో మారును. వదులైనచో ముందుగా, మెత్తగా మారును. నడుపువానికి అది హాయిగానే యుండును గాని లోపల పలకలు జారి, వేడెక్కి, కొద్ది ప్రయాణములోనే మాడిపోవచ్చును.

కావున కారును ఇక నడుపవద్దని మొదట వ్రాసితిమి. సమతలముపై, ఇంజను తిరుగుచుండగా, గేరుమీట పార్కులో నుంచి, నూనె వేడిగా నున్నపుడు దాని మట్టమును చూడుమంటిమి. నూనె నల్లబడి మాడు వాసన కొట్టినచో మరమ్మతుదారుల మాటయే నిజమై యుండెడిది. అదృష్టవశమున అది ఎర్రగానే యుండెను.

తరువాత ఇంజనును ఆపి, ఒకరు యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కగా అతడు తీగను చూచెను. అది పూర్తిగా లాగబడుట లేదు. క్రొత్త కార్బురేటరు మీటపై తీగ తగిలెడి చోటు ఇరుసునకు మిక్కిలి దగ్గరగా నున్నది. అట్టిచో ఎంత సవరించినను ఫలము లేదు. ఆ కార్బురేటరునకు తగిన మీటముక్కను తెప్పించి బిగించిన పిదపనే సవరింపు కుదిరెను. సవరించుట సులభమే: తీగపైనున్న మీటను నొక్కి, జారుడు ముక్కను వెనుకకు చివరవరకు త్రోసి, నొక్కిన మీటను వదలి, కార్బురేటరును పూర్తిగా తెరచినచో తీగ తనంతట తాను సరియైన చోట నిలుచును. ఒత్తిడి మాపకమును తగిలించి చూచినగాని రోడ్డెక్కవద్దని కూడ హెచ్చరించితిమి.

అన్ని పెట్టెలకు ఈ తీగ యుండదు. 1969లో వచ్చిన టర్బో 350లో ఒత్తిడిని పెంచు పని ఇంజనునుండి వచ్చు వాక్యూము గొట్టముది. దానిని తిరిగి తగిలించుట మరచినచో గేర్లు ఆలస్యముగా, గట్టిగా మారును.

రెండవ జాబు నెల దినములకు వచ్చెను. కారు ఎత్తు ఎక్కుచున్నదట, జారుట లేదట. అయినను పలకలు ఏ కొంచెమైన మాడియుండవచ్చును గనుక, నూనె రంగును వారమున కొకసారి చూచుచుండుమని తిరిగి వ్రాసితిమి.