ఇంగ్లీషు మీదుగా పోకు

నల్లగొండ

బిడ్డా,

మెక్సికో పోతున్నావు కాబట్టి స్పానిష్ నేర్చుకొమ్మని ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇంకొకటి: ఆ భాషను ఇంగ్లీషు మీదుగా కాదు, తెలుగు నుంచి నేరుగా అందుకో. నీకు దొరికే పుస్తకాలూ ఫోన్ పాఠాలూ చాలావరకు ఇంగ్లీషువాళ్ల కష్టాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆ కష్టాలన్నీ నీవి కావు. స్పానిష్‌లో త, ద మనలాగే పళ్లకు నాలుక ఆనించి పలుకుతారు. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. ఇంగ్లీషు నోటికి ఎంతకూ లొంగని ఆ తేడా, బర్రె అనీ కర్ర అనీ పలికే నోటికి ఒక లెక్కా? వాక్యంలోకి పోతే చుట్టరికం ఇంకా తెలుస్తుంది. 'మె గుస్తా ఎల్ కఫే' అంటే నాకు కాఫీ ఇష్టం. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త అవుతాడు. మనకూ వాళ్లకూ ఇష్టమైన వస్తువే కర్త, మనిషి 'నాకు' దగ్గరే ఆగిపోతాడు. తల నొప్పెట్టినా అదే తీరు. ఇంగ్లీషువాళ్లను ఏళ్లకేళ్లు తిప్పలు పెట్టే సంగతి ఇంకొకటుంది. వాళ్లు ఒక్క క్రియతో చెప్పేదాన్ని స్పానిష్ రెండుగా విడదీస్తుంది. 'ఆమె డాక్టరు' అన్నప్పుడు మనం క్రియే వాడం. అక్కడ 'ఎస్' వస్తుంది. 'ఆమె ఇంట్ల ఉన్నది' అన్నప్పుడు మనకు 'ఉండు' కావాలి. అక్కడ 'ఎస్తా' వస్తుంది. ఈ పోలిక చివరిదాకా సాగదు. 'ఆమె పొడుగ్గా ఉన్నది' అనాలంటే మళ్లీ 'ఎస్' కావాలి. కానీ ఉండటం వేరు, అయి ఉండటం వేరు అనే ఎరుక నీకు పుట్టుకతోనే ఉంది. బల్ల ఆడదెందుకైంది, పుస్తకం మగవాడెందుకైంది అన్నదానికి మాత్రం తెలుగు సాయం రాదు. దాన్ని బట్టీపట్టాల్సిందే.

ఆఫీసులో అందరికీ ఇంగ్లీషు వచ్చుకదా, మిగిలినదానికి ఫోన్ ఉంది కదా అంటావేమో. ఆఫీసు రోజులో ఒక భాగమే. ఇల్లుగలామె, మందుల షాపతను, బస్సులో పక్కన కూచున్న ముసలాయన అందులో లేరు. ఫోన్ మాటను చేరవేస్తుంది కానీ మర్యాద నీ నోటి నుంచే రావాలి. నువ్వు, మీరు అన్న తేడా వాళ్లకూ ఉంది: 'తూ', 'ఉస్తేద్'. పెద్దవాళ్లు పిలిస్తే మెక్సికోలో 'ఏంటి' అనరు, 'మాందే' అంటారు. హోటల్లో అన్నం తింటున్నవాళ్లు ముఖం తెలియనివాళ్లైనా, పక్కనుంచి పోతూ 'ప్రొవేచో' అంటారు, తిన్నది ఒంటబట్టాలని. తిన్నవా అని పలకరించే ఊళ్ల నుంచి పోయిన పిల్లవు, ఆ మాట విలువ నీకు చెప్పాలా? పోయేలోగా తీరికుంటే హైదరాబాదులో తార్నాక దగ్గర ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ చెప్తారు, కనుక్కో. ఈ వయసులో రాదేమోనన్న భయం మాత్రం పెట్టుకోకు. పాలమూరు నుంచి బొంబాయి పనికి పోయినవాళ్లకు మరాఠీ, హిందీ ఏ బడి నేర్పింది? పని చేసిన చోటే నేర్పింది.

మెక్సికోవాళ్లలో కలిస్తే మనది పోతుందేమోనని ఇంట్లోవాళ్లు బెంగపడుతున్నారు. షోలాపూర్ చూడమను. తెలంగాణ ఊళ్ల నుంచి పోయిన పద్మశాలీలు తరాలుగా బజారులో మరాఠీ మాట్లాడుతూనే ఇంట్లో తెలుగును, గుడిలో మార్కండేయుణ్ణి నిలుపుకున్నారు. పైగా నువ్వు పోయేది బొత్తిగా పరాయి చోటేం కాదు. మన మక్కలు, పచ్చిమిర్చి, టమాట పుట్టిల్లు ఆ దిక్కే. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బి చేసే వాళ్ల తొర్తియా, మన జొన్నరొట్టె ఎరిగినవాళ్లకు కొత్తగా తోచదు. వారానికోసారి వీధిలో కూడే అంగడిని 'తియాంగిస్' అంటారు. మొదటి నెలలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపు కంటే ముందు అక్కడికే పో, బేరం తప్పుల తడకగానైనా నువ్వే ఆడు. పాలమూరు బాలానగర్ సీతాఫలం పేరు నీకు తెలుసు. ఆ పండు కూడా అమెరికా ఖండం నుంచి మనకు వచ్చిందే. ఆ జాతిని అక్కడ 'అనోనా' అంటారు. అంగట్లో కనబడితే అమ్మే ఆమెను అడుగు, వాళ్ల ఊళ్లో దాన్ని ఏమని పిలుస్తారో నాకు రాయి.

నీ పెద్దనాయిన