వ్యాయామము మొదలిడువారికి నడుము నొప్పి

బిలాసపురము రైల్వేతో పెరిగిన ఊరు. బెంగాలు–నాగపూరు రైల్వే నాటినుండియు పనులకై వచ్చిన తెలుగు కుటుంబములు ఇచ్చట స్థిరపడియున్నవి. 2003వ సంవత్సరమున ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణమే ప్రధాన స్థానమైనది. అర్పా నదికి చేరువనున్న లింగియాడీహ్ వంటి పేటలలో, తండ్రి చేసిన కొలువునే తానును సంపాదింపవలెనని ఆశించు యువకులు తక్కువగా లేరు. రైల్వేలో మొదటి స్థాయి ఉద్యోగములకు వ్రాతపరీక్ష నెగ్గినంతమాత్రమున చాలదు. పురుషులు 35 కిలోల బరువును ఎచ్చటను దింపకుండ 2 నిమిషములలో 100 మీటర్ల దూరము మోసికొనిపోవలెను. 1000 మీటర్లు 4 నిమిషముల 15 సెకండ్లలో పరుగెత్తవలెను. స్త్రీలకు బరువు 20 కిలోలు, పరుగునకు గడువు 5 నిమిషముల 40 సెకండ్లు. ఒక్కొక్కదానికి ఒకే అవకాశము.

ఇక తరచుగా జరుగునది గమనింపుడు. అభ్యర్థి సంవత్సరముపాటు పుస్తకముల ముందు వంగి కూర్చుండును. వ్రాతపరీక్షలో పేరు వచ్చిన మరునాడు తెల్లవారుజామున లేచి, ఎండ ముదరకముందే పని ముగింపవలెనని మైదానమునకు పరుగిడును. నూరు బస్కీలు, ఏబది దండీలు తీసి, ఇసుక బస్తా భుజమున కెత్తుకొనును. మూడవనాడో నాలుగవనాడో నడుము పట్టివేయును. అప్పుడు ఇంటిలోని పెద్దలు, "పది దినములు మంచము దిగకు" అందురు. తోడివారు, "నొప్పి తెలియకుండ ఇంకను గట్టిగా చేయుము" అందురు. ఈ రెండు సలహాలును సరియైనవి కావు. ఉద్యోగవిరమణానంతరము నడక ప్రారంభించిన పెద్దలకును, పిల్లలు పెద్దవారైన పిదప యోగాసనములు నేర్చుకొనబూనిన గృహిణులకును ఇదే చిక్కు కలుగుచుండును. కాని ఉద్యోగమే చేజారునను భయము మొదటివారికి అధికము గనుక వారిని దృష్టిలో నుంచుకొనియే ఈ పాఠము వ్రాయబడినది.

నడుము నొప్పి అరుదైన వ్యాధి కాదు. 2020వ సంవత్సరమున ప్రపంచమునందు 61 కోట్ల 90 లక్షలమంది దీనిచే బాధపడిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. పదింట తొమ్మిది సందర్భములలో దీనికి ఎముక విరుగుటగాని, పుండుగాని, మరియే ప్రత్యేక వ్యాధిగాని కారణము కాదు. కండరములు, స్నాయువులు, కీళ్ళు తమ కలవాటులేని పనిని ఒక్కసారిగా మీద వేసికొనుటచే నొచ్చుకొనును. కొలదివారములలో చాలవరకు సర్దుకొనును.

నడుము భాగమున వెన్నుపూసలు అయిదు. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ళ యొకటి కలదు; దీనినే డిస్కు అందురు. ఈ బిళ్ళలు రాత్రి మనము పండుకొనియున్నప్పుడు నీటిని పీల్చుకొని ఉబ్బును. పగటివేళ శరీరభారమువలన ఆ నీరు కొంత వెలికి పోవును. కావుననే ఉదయమున మనిషి రాత్రికంటె సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడవుగా నుండును. ఉబ్బిన బిళ్ళను ముందుకు వంచినచో దానిపై ఒత్తిడి మిక్కుటమగును. ప్రక్కనుండి లేచిన వెంటనే పాదములందుకొనుటకు వంగుట, వెల్లకిల పండుకొని పైకి లేచు కసరత్తు చేయుట, బస్తా ఎత్తుట మంచివి కాకపోవుటకు ఇదియే హేతువు. ఉదయమున లేచిన పిదప కొంతసేపు వంగుటను మానుకొన్నవారికి నొప్పి తగ్గినట్లు 1998లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో తేలినది. వేసవిలో బిలాసపురమున ఎండ దుర్భరము గనుక వేకువనే అభ్యాసము చేయుట తప్పదు. అయినను మొదట అరగంట నడచి, పిదప పరుగెత్తి, బరువు పనిని చివర నుంచుకొన్నచో ఇబ్బంది తీరును. సూర్యనమస్కారములు చేయువారును అట్లే కొంతసేపు నడచిన పిమ్మట ఆరంభించుట మేలు.

బరువు సంగతి కొంత లెక్కతో చెప్పవలసియున్నది. వెన్నెముకకు వెనుక ప్రక్క లాగు కండరములు దాని కేంద్రమునకు సుమారు 5 సెంటీమీటర్ల దూరమున మాత్రమే యుండును. 35 కిలోల బస్తాను వెన్నెముకకు 40 సెంటీమీటర్లు ముందుగా పట్టుకొన్నచో, ఆ కండరములు ఎనిమిది రెట్లు, అనగా 280 కిలోల బలముతో లాగవలెను. అదే బస్తాను పొట్టకు ఆనించి 20 సెంటీమీటర్లకు తెచ్చినచో 140 కిలోలు చాలును. మన మొండెము బరువును ఇందు లెక్కింపలేదు. బస్తా మారలేదు, మనిషి మారలేదు; దూరము సగమగుటచే నడుముపై పడు పాటు సగమైనది. బియ్యపు బస్తాలు మోయు కూలీలు బస్తాను ఒంటికి హత్తుకొనియే లేపుట ఎవరైనను చూడవచ్చును. వారికి ఈ గణితము నేర్పినవారు లేరు.

కావున బస్తాకు దగ్గరగా నిలిచి, పాదములు ఎడముగా నుంచి, పిరుదులను వెనుకకు జరపుచు మోకాళ్ళు మడచి దిగవలెను. వీపు విల్లువలె వంగక, తుంటివద్దనే మడత పడవలెను. ఇది తెలియుటకు చిన్న ఉపాయ మున్నది: ఒక కఱ్ఱను వీపున నిలువుగా, తలకును, వీపునకును, పిరుదుల నడుమకును తాకునట్లు పట్టుకొని వంగి చూడుడు. మూడు చోట్లను కఱ్ఱ ఎడబాయకున్నచో సరిగా వంగుచున్నారన్నమాట. బరువుతో నున్నప్పుడు నడుమును మెలిపెట్టి తిరుగరాదు, పాదములతోనే తిరుగవలెను. అభ్యాసమును 10 కిలోలతో మొదలిడి, వారమునకు రెండు మూడు కిలోల చొప్పున పెంచుకొనవలెను. ఈ లెక్కన 35 కిలోలకు చేరుటకు రెండు నెలలకు పైగా పట్టును. అందుచేత వ్రాతపరీక్షాఫలితములు వచ్చువరకు వేచియుండక, చదువుకొను దినములలోనే ప్రారంభించుట వివేకము. చదువునప్పుడు కూడ అరగంట కొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను.

నడుమును నిలబెట్టు కండరములకు మూడు సాధారణమైన కసరత్తులు చాలును. వెల్లకిల పండుకొని మోకాళ్ళు మడచి పిరుదులను మెల్లగా పైకెత్తి నిలుపుట ఒకటి. చేతులపైనను మోకాళ్ళపైనను నిలిచి, కుడిచేతిని ముందునకు, ఎడమకాలిని వెనుకకు చాచుట, తరువాత వానిని మార్చుట రెండవది. ప్రక్కకు ఒరిగి మోచేతిపై శరీరమును లేపి నిలుపుట మూడవది. ఒక్కొక్కటి పది సెకండ్లు నిలుపుచు, ఊపిరి బిగబట్టక అయిదారు పర్యాయములు చేయవలెను.

ఇట్లు చేసినను నొప్పి వచ్చిన నేమి చేయవలెను? కొత్త కసరత్తు చేసిన మరునాడు ఒళ్ళంతయు బడలికగా నుండి, రెండు మూడు దినములలో తగ్గు నొప్పి కండరముల సహజ ధర్మము. దానికి జడియనవసరము లేదు. నడుము పట్టివేసినప్పుడు మనవారు "నడుము వాల్చు" మందురు. ఒక పూటయో, ఒక దినమో వాల్చుటలో దోషము లేదు. అంతకు మించి పడక పనికిరాదు. 1995లో ఫిన్లాండు దేశమున జరిగిన పరిశోధనలో, మంచమెక్కినవారికంటె ఓర్చుకొనగలిగినంత మేర తమ పనులు చేసికొన్నవారే త్వరగా కోలుకొనిరి. బరువును, వంగుడును మాని, చదునైన నేలపై పది నిమిషముల చొప్పున దినమునకు మూడు నాలుగు సారులు నడువవలెను. వేడి కాపడము హాయి నిచ్చును. మరునాటి ఉదయమునకు నొప్పి హెచ్చనిచో నడకను పెంచవచ్చును. హెచ్చినచో కొంత తగ్గింపవలెను, పూర్తిగా మానరాదు.

నడుమునకు పట్టీలు కట్టుకొనుట, నడుమును సాగదీయించు చికిత్స — ఇవి దీర్ఘకాలపు నొప్పికి అలవాటుగా వాడదగినవి కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. వెంటనే స్కానింగు తీయింపవలెనని తొందరపడుటయు వ్యర్థమైన ఖర్చే. ఎట్టి నొప్పియు లేని ఇరువది సంవత్సరముల వారిలోనే నూటికి 37 మందికి డిస్కు అరిగిన గుర్తులు స్కానింగులో కనబడినవి. ఆ కాగితము చదివి భయపడి కదలుట మానినవారికి మేలుకంటె కీడే ఎక్కువ.

అయితే కొన్ని లక్షణములున్నచో ఆలస్యము చేయరాదు. మూత్రము బిగియుట లేక అదుపు తప్పుట, మలవిసర్జనపై వశము పోవుట, తొడల నడుమ తిమ్మిరి, కాలు బలము తగ్గి పాదము ఈడ్చుకొనిపోవుట — వీనిలో ఏదైనను కనబడినచో ఆ గంటయే ఆసుపత్రికి పోవలెను. జ్వరము, రాత్రి చెమటలు, కారణము లేకుండ బరువు తగ్గుట వెన్నెముకకు క్షయ సోకిన గుర్తులు కావచ్చును. మన దేశమున దీనిని మరువరాదు. క్రిందపడిన తరువాత వచ్చిన నొప్పి, పూర్వము క్యాన్సరుకు చికిత్స పొందినవారికి వచ్చిన నొప్పి, పండుకొన్నను తగ్గక రాత్రులు నిద్ర లేపు నొప్పి వైద్యునకు చూపవలసినవే. నొప్పి మోకాలు దాటి పాదమువరకు పాకినప్పుడును పరీక్ష చేయించుకొనుట క్షేమము.

ఒకసారి వచ్చిన నొప్పి మరల వచ్చుట కలదు. ఆస్ట్రేలియాలో 701 మందిపై జరిగి 2024లో ప్రకటింపబడిన పరిశోధనలో, క్రమముగా నడక పెంచుకొన్న సగముమందికి 208 దినములవరకు నొప్పి తిరిగి రాలేదు; నడక నేర్పబడనివారి విషయమున అది 112 దినములే. నొప్పి తగ్గినది గదాయని విడిచిన బరువునే మరునాడు ఎత్తబోరాదు. అంతకుముందు మోసినదానిలో సగముతో మరల మొదలిడవలెను. పరీక్ష తేదీకి మూడు దినములు ముందుగా బస్తాను ప్రక్కన పెట్టి, నడకతోను, కొలది పరుగుతోను సరిపుచ్చుకొనవలెను.