రాగులు గిన్నె ఆకారంలోకి వస్తాయి, మరి అవి ద్రవమా?



ఈ నెల సైన్సులో ఘనం, ద్రవం, వాయువు పాఠం నడుస్తోంది. నోట్‌బుక్ తెరిస్తే జవాబు చక్కగా ఉంటుంది: ఘనంలో కణాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ద్రవంలో కాస్త వదులుగా ఉంటాయి, వాయువులో దూరదూరంగా తిరుగుతుంటాయి. పిల్లలు దీన్ని ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. మార్కులూ వస్తాయి. కానీ "ఆ కణాల మధ్య ఏముంటుంది?" అని అడిగి చూడండి. ఎక్కువమంది "గాలి" అంటారు. గాలి కూడా కణాలే కదా, మరి ఆ కణాల మధ్య ఏముంది? అక్కడ ఆగిపోతారు. ఉన్నది ఖాళీయే. ఈ ఒక్క మాట అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే.

అందుకే ఈ పాఠాన్ని ఇంట్లో మీ భాషలోనే అడగమని నా మనవి. మన గుడిబండ వైపు చాలా ఇళ్లలో కన్నడం, బజారులో తెలుగు, బడిలో ఇంగ్లీషు. సొంత మాటల్లో చెప్పగలిగితే ఏ భాషైనా మంచిదే. ఒక్క జాగ్రత్త తీసుకోండి. తెలుగు మీడియంలో చదివినవారికి కణం అనగానే జీవశాస్త్రంలోని జీవకణం గుర్తుకొస్తుంది. ఇది అది కాదు. ఇక్కడ కణం అంటే అణువు, పరమాణువు లాంటిది. ఒక్క జీవకణంలోనే ఇలాంటివి కోటానుకోట్లు ఉంటాయి.

ఇక రాగుల సంగతి. చెంబులో పోస్తే చెంబు ఆకారం, గిన్నెలో పోస్తే గిన్నె ఆకారం. పుస్తకం ప్రకారం ఏ పాత్రలో పోస్తే ఆ ఆకారం తీసుకునేది ద్రవం. అయితే రాగులు ద్రవమేనా? ఈ ప్రశ్న వేసిన పిల్లాడిని కోప్పడకండి, వాడు పాఠాన్ని నిజంగా చదివాడు. కల్లంలో రాగులు పోస్తే రాశి నిలుస్తుంది, నీళ్లు పోస్తే రాశి నిలవదు. ఒక్కో రాగి గింజ తన ఆకారం వదలదు, కాబట్టి గింజ ఘనమే. గింజ అంటే కణం కాదు, ఒక్క గింజలో లెక్కపెట్టలేనన్ని కణాలు ఉన్నాయి.

పుస్తకంలోని బొమ్మ మీద నాకో ఫిర్యాదు ఉంది. ద్రవంలో చుక్కల మధ్య చాలా ఎడం గీస్తారు. నిజానికి ద్రవంలో కణాలు దాదాపు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి, కాకపోతే చోటు మారుతుంటాయి. దీన్ని ఇంట్లోనే చూపించవచ్చు. మందుల షాపులో సిరంజి కొని సూది తీసేయండి. సిరంజిలో గాలి నింపి, కొన వేలితో మూసి నొక్కితే లోపలికి దిగుతుంది. గాలి లేకుండా నీళ్లు నింపి నొక్కండి, కదలదు. గాలిలో ఖాళీ ఎక్కువ, నీటిలో తక్కువ అని పిల్లల వేలికే తెలుస్తుంది. అదే నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. అలాగని కణాలు ఉబ్బవు, వాటి మధ్య దూరమే పెరుగుతుంది.

వేడి ఏం చేస్తుందో చూడాలంటే రెండు గ్లాసులు చాలు. ఒకదానిలో చల్లనీళ్లు, మరోదానిలో వేడినీళ్లు పోసి, బట్టలకు వాడే నీలిమందు ఒక్కో చుక్క వేసి కలపకుండా వదిలేయండి. వేడినీళ్లలో రంగు త్వరగా పాకుతుంది.

పెద్దలకు కూడా పనికొచ్చేది గ్యాస్ సిలిండర్. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్నది ఒత్తిడితో అణచిపెట్టిన ద్రవం. ఒక లీటరు ద్రవం బయటికొస్తే దాదాపు 250 లీటర్ల వాయువు అవుతుంది. చిన్న లీకు కూడా గదిని నింపేది అందుకే. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కాబట్టి ముందు నేల వెంట పాకుతుంది. వాసన దాని సొంతం కాదు, మనకు తెలియడం కోసం కలుపుతారు. గదిలో గాలి కణాలు సగటున గంటకు సుమారు 1,700 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నా, వంటింట్లోని వాసన ముందుగదికి చేరడానికి సమయం పడుతుంది. ఒక్కో కణం సెకనుకు వందల కోట్ల సార్లు పక్కవాటిని ఢీకొని దారి మళ్లుతూ ఉంటుంది మరి. కాబట్టి వాసన మీ దాకా రాలేదంటే లీకు లేదని కాదు. వాసన వస్తే స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఈ నంబరు పిల్లలకు కంఠతా రావాలి.

చల్లబడితే ద్రవం ఘనమవుతుంది, వేడిచేస్తే ఘనం కరుగుతుంది అని పిల్లలు నేర్చుకుంటారు. ఆ సూత్రానికి లొంగనిది ఒకటి మన మల్బరీ తోటల పక్క షెడ్లలోనే ఉంది. పట్టుపురుగు ఒంట్లో పట్టు ద్రవంగానే ఉంటుంది. పురుగు తలను ఎనిమిది అంకెలా తిప్పుతూ దాన్ని లాగుతుంది. ఆ లాగుడుకు అణువులు వరుసలో సర్దుకుని బిగుస్తాయి, దారం ఘనమవుతుంది. ఇక్కడ పని చేసింది చల్లదనం కాదు, అణువుల అమరిక. రీలింగ్‌లో గూళ్లను మరిగే నీళ్లలో వేసినా దారం కరిగి మళ్లీ ద్రవం కాదు. దారాన్ని అంటిపెట్టుకున్న సెరిసిన్ అనే జిగురు మాత్రం మెత్తబడుతుంది, అప్పుడు కొస దొరుకుతుంది. నిప్పులో పెడితే వెంట్రుక కాలిన వాసనతో మాడుతుంది.

మీ ఇంట్లో పట్టుపురుగులు పెంచుతుంటే, ఈసారి గూళ్లు హిందూపురం మార్కెట్‌కు వెళ్లేముందు రెండు గూళ్లు పిల్లల చేత క్లాసుకు పంపండి. వేడినీళ్లు మాత్రం నేనే పోస్తాను.