అర్రేలో అంకెలు జరపడం – కాగితం మీదే నేర్చుకుందాం



తెలుగు మీడియంలో చదివి డిగ్రీలోనో, ఇంజనీరింగ్‌లోనో చేరిన మనవాళ్ళను మొదటి సంవత్సరంలో బెదరగొట్టే సబ్జెక్టు సి లాంగ్వేజ్. "ఇంట్లో కంప్యూటర్ లేదు, మనకెలా వస్తుంది?" అని వెనక్కి తగ్గేవాళ్ళున్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదట. మా ఇంట్లోనూ కంప్యూటర్ లేదు. ప్రోగ్రాం ముందు కాగితం మీద నడవాలి, తర్వాతే కంప్యూటర్ మీద. ఈ చిన్న పాఠం అందుకే.

అర్రే అంటే

ఒకే రకం విలువలను వరుసగా పెట్టుకునే గదులే అర్రే. మన వరండా వెంట గదులున్నట్టే అనుకోండి. సిలో గది నంబర్లు 0తో మొదలవుతాయి. 5 గదులుంటే చివరిది 4వ నంబరు గది. మన అర్రే ఇది:

12, 25, 31, 47, 58

ఎడమకు ఒక గది జరపాలంటే

ఒక గదిలో కొత్త విలువ పెడితే పాతది చెరిగిపోతుంది. ఇదే అసలు కిటుకు. అందుకని:

1. 0వ గదిలోని 12ను 'టెంప్' అనే వేరే చోట దాచాలి.
2. 'ఐ' 0 నుండి 3 వరకు వెళ్తుండగా, ప్రతిసారి ఐ+1వ గదిలోని విలువను ఐవ గదిలోకి కాపీ చేయాలి.
3. టెంప్‌లోని 12ను 4వ గదిలో పెట్టాలి.

జవాబు: 25, 31, 47, 58, 12.

లూప్‌ను 4 వరకు నడిపితే లేని 5వ గదిని అడిగినట్టవుతుంది. సి మనల్ని ఆపకపోవచ్చు. అర్థంలేని విలువ రావచ్చు, ప్రోగ్రాం ఆగిపోనూవచ్చు.

కుడికి జరపాలంటే

ఇక్కడ ముందు నుండి మొదలుపెడితే 12 పక్కగదిలోకి వెళ్ళి 25ను చెరిపేస్తుంది. అదే 12 మళ్ళీ ముందుకు పోతుంది. చివరికి 12, 12, 12, 12, 12 మిగులుతాయి! కాబట్టి 58ను దాచి, వెనుక నుండి రావాలి. 'ఐ' 4 నుండి 1 వరకు తగ్గుతూ, ఐ–1వ గదిలోనిది ఐవ గదిలోకి రావాలి. ఆఖరున 58ను 0వ గదిలో పెడితే 58, 12, 25, 31, 47 వస్తుంది.

ఎక్కువ గదులు జరపాలంటే

1000 అంకెలను 400 గదులు ఎడమకు జరపాలి. ఒక్కొక్క గదే జరిపితే సుమారు 4 లక్షల కాపీలు అవసరం. తిరగేసే పద్ధతి చూడండి. మన అర్రేనే 2 గదులు ఎడమకు జరుపుదాం:

మొదటి 2 తిరగేస్తే: 25, 12, 31, 47, 58
మిగతా 3 తిరగేస్తే: 25, 12, 58, 47, 31
మొత్తం తిరగేస్తే: 31, 47, 58, 12, 25

అంతే! ఈ పద్ధతిలో ఆ 1000 అంకెలకు 1000 మార్పిళ్ళు చాలు. జాన్ బెంట్లీ 1986లో వెలువరించిన 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' పుస్తకంలోనూ ఈ పద్ధతి ఉంది. 5 గదుల అర్రేను 7 గదులు జరపమంటే 7ను 5తో భాగించండి. శేషం 2 గనుక 2 గదులు జరిపితే సరిపోతుంది.

మీరే చేయండి

10, 20, 30, 40, 50, 60 ను కుడికి 2 గదులు జరపండి. 50, 60, 10, 20, 30, 40 రావాలి.

ప్రతి అడుగుకూ గదుల పట్టిక గీసి, విలువలు రాసుకోండి. దీన్నే డ్రై రన్ అంటారు. ఇంటర్వ్యూలలో కాగితం ఇచ్చి చేయమనేదీ ఇదే. లాబ్‌లో మీ వంతు వచ్చేసరికి ప్రోగ్రాం మీ చేతిలో సిద్ధంగా ఉండాలి. అప్పుడు ఆ కంప్యూటర్ ముందు ఎవరికీ తీసిపోరు.