పిల్లల మెడలో గడ్డ కనిపిస్తే

రెండేళ్ల కిందట ఏడో తరగతి అమ్మాయి ఒకతె జుహర్ నమాజుకు వుజూ చేసుకుంటూ స్కార్ఫ్ జరిపినప్పుడు, మెడకు ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ మా కంటబడింది. నాలుగు నెలలుగా ఉందట. నొప్పి లేదు కనుక పిల్ల చెప్పలేదు. తల్లికి తెలుసు. తావీజు కట్టించింది, పైపూత రాసింది. "ఆపా, ఎవరికీ చెప్పకండి, రేపు సంబంధాలు రావాలి" అని మా చేతులు పట్టుకుంది. పన్నెండేళ్ల పిల్లకు సంబంధాల బెంగ!

పిల్లల మెడలో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం భయపడవలసినవి కావు. గొంతునొప్పి, పుచ్చిపన్ను, తలలో పేలు, కురుపులు ఉంటే దగ్గరి లింఫు గ్రంథులు ఉబ్బుతాయి. బిళ్ల కట్టిందని పెద్దలనేది దీన్నే. మెత్తగా, వేలికి కదులుతూ, రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. చెవి కింద దవడ వాస్తే గవదబిళ్లలు కావచ్చు. మెడ నడుమ ఉండి, నాలుక చాపగానే పైకి కదిలేది సాధారణంగా పుట్టుకతో వచ్చిన తిత్తి.

నెల దాటినా తగ్గనిది, పెరుగుతున్నది వేరు. మన దేశంలో ముందుగా అనుమానించవలసింది క్షయ. పాతకాలం వారు గండమాల అన్నది ఎక్కువగా ఇదే. నొప్పి లేకుండా పెరిగి, గ్రంథులు ఒకదానికొకటి అతుక్కుని, చివరకు చర్మం చిట్లి చీము కారుతుంది. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకపోతే ఈ గడ్డ మరొకరికి అంటించదు. ఈ మాట తల్లిదండ్రులకే కాదు, మా స్టాఫ్ రూములోనూ చెప్పవలసి వచ్చింది. రాయిలా గట్టిగా, కదలకుండా ఉన్నా, మెడ ఎముకకు పైన వచ్చినా క్యాన్సర్ కాదని తేల్చుకునేదాకా ఆగకూడదు.

డాక్టరు ముందు అడిగేది ఎన్నాళ్లుగా ఉంది, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా, ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా అని. తర్వాత రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, స్కానింగ్. అవసరమైతే సన్నని సూదితో గడ్డలోంచి కాస్త తీసి చూస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న భయం మన గల్లీల్లో బలంగా ఉంది. అది నిజం కాదు. ఆ నమూనాతోనే సీబీనాట్ యంత్రంలో క్షయ ఉందా, ముఖ్యమైన మందు పనిచేస్తుందా అన్నది రెండు గంటల్లో తెలుస్తుంది.

నీలోఫర్, ఉస్మానియా, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రులు మనకు దూరం కావు. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. పౌష్టికాహారానికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మరి దాతల డబ్బు దేనికంటారా? ఆ పిల్ల తండ్రి ఆటో నడుపుతాడు. పరీక్షలకు నాలుగుసార్లు తిరిగితే నాలుగు రోజుల సంపాదన పోయినట్టే. రెండోసారికే ఆయన ఆగిపోయాడు. ఆ కూలి డబ్బు, దారిఖర్చు మన సొసైటీ భరించాకే రోగం తేలింది. క్షయే.

మందులు ఆరు నెలలు. మూడో నెలలో గడ్డ మళ్లీ వాచింది. మందు పనిచేస్తున్నా ఒక్కోసారి అలా వాస్తుందని డాక్టరు చెప్పేదాకా తల్లి మందు ఆపేద్దామనే అంది. ఇప్పుడు పిల్ల తొమ్మిదో తరగతి, మెడ మీద చిన్న మచ్చ ఉంది. ఈ ఏడాది మా బడిలో మరో ఇద్దరు మందులు వాడుతున్నారు. చిన్నవాడికి ఇంకా నాలుగు నెలల కోర్సు మిగిలి ఉంది.