నేల ఉసిరిక: కామెర్లలో దాని స్థానమెంత?

తొలకరి వానలు పడిన కొద్దిరోజులకే వరంగల్లు చుట్టుపట్ల చేలగట్ల మీద, పెరటి బావుల దగ్గర, ఇటుకల సందులలో సైతం మొలచే చిన్న మొక్క నేల ఉసిరిక. జానెడు మొదలు మూరెడు వరకు పెరుగుతుంది. సన్నని రెమ్మలకు ఇరువైపులా చిన్న ఆకులు, వాటి అడుగున ఆవగింజకంటె కొంచెం పెద్దవైన కాయలు వరుసగా వ్రేలాడుతుంటాయి. సంస్కృతంలో దీనికి భూమ్యామలకి, తామలకి అని పేర్లు.

పచ్చకామెర్లనగానే మన ఇండ్లలో మొదట స్ఫురించేది ఈ మొక్కయే. కాని చరకసంహిత దీనిని కాసహర, శ్వాసహర గణాలలో, అనగా దగ్గు, ఆయాసములను హరించే ద్రవ్యాలలో చేర్చింది. కామెర్ల మందుగా దీనికి గల ప్రసిద్ధి అధికభాగం జనవ్యవహారం వలన వచ్చినదే. అంతమాత్రాన విలువ తగ్గదు. చేదు, వగరు రుచులు, శీతవీర్యం గల ద్రవ్యం పిత్తాన్ని శమింపజేయుట శాస్త్రసమ్మతమే.

ఆధునికులు కూడ దీనిని పరీక్షించారు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్, మద్రాసు పరిశోధకులతో కలసి జరిపిన అధ్యయనం 1988లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఆ వైరస్ రక్తంలో నిలిచిపోయినవారికి ఈ మొక్క చూర్ణం 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. తదుపరి పరీక్షలలో 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు కనబడలేదు. ఉత్తుత్తి మందు తీసుకొన్న 23 మందిలో అట్టివారు ఒక్కరే. దేశమంతా సంతోషించిన వార్త అది. అయితే ఇతర దేశాలలో చేసిన ప్రయోగాలలో ఆ ఫలితం కనబడలేదు. 2011లో అన్నిటినీ సమీక్షించినవారు నమ్మదగిన ఆధారం చాలదని తేల్చారు. వాడిన మొక్కల జాతులు వేరు కావడం ఒక కారణమై ఉండవచ్చునని చర్చ జరిగింది.

ఈ చర్చ మన పెరటికీ వర్తిస్తుంది. నేల ఉసిరికను పోలిన మొక్కలు పలు గలవు. ఒకదాని కాండం ఎరుపు తిరిగి, కాయలు గరుకుగా ఉంటాయి. అసలు మొక్క కాండం పచ్చన, కాయలు నునుపు, చిన్న కాడలతో వ్రేలాడుతాయి. మా గురుకులంలో మొక్కను వేళ్లతో పెరికి, నలిపి, రుచి చూచిన పిమ్మటనే పేరు చెప్పవలెనను నియమముండేది. సందేహమున్నవారు అనంతలక్ష్మి ఆయుర్వేద కళాశాలలో ద్రవ్యగుణం బోధించే వారికి చూపించుట మేలు.

ఇక పసరు మందుల సంగతి. ఆహార, జలదోషాలవలన వచ్చే కామెర్లు చాలమందిలో కొన్ని వారాలకు తామే తగ్గిపోతాయి. కీర్తి మాత్రం ఆ సమయాన పసరు పోసినవానికి దక్కుతుంది! పిత్తాశయపు రాళ్లవలన, హెపటైటిస్ బి వలన, మద్యంవలన వచ్చిన కామెర్లు అట్లే తగ్గిపోతాయని నమ్మరాదు. కంటిలో, ముక్కులో పసరు పోయించుట, చేతిపై వాతలు పెట్టించుట శుద్ధ అనర్థం. ఉప్పు, పప్పు మాన్పించి రోగిని నీరసింపజేయుట పథ్యం కాదు. రక్తపరీక్ష ముందు, మందు తరువాత. గర్భిణికి కామెర్లు వచ్చినచో ఒక్కరోజు కూడ ఇంట ఉంచరాదు. మగతగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకున్నా, రక్తస్రావమైనా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. హెపటైటిస్ బి రాకుండ టీకా గలదు. 1997లోనే హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దానిని స్వదేశంలో తయారుచేసింది.

పరీక్ష చేయించి, వైద్యుడు అనుమతించిన పెద్దలు శుభ్రంగా కడిగిన సమూల స్వరసం 10 నుండి 20 మిల్లీలీటర్లు, లేదా నీడన ఎండించిన చూర్ణం 3 నుండి 6 గ్రాములు మజ్జిగతో పుచ్చుకొనవచ్చును. మధుమేహానికి మందులు వాడువారు ఆ సంగతి వైద్యునికి ముందుగా చెప్పవలెను. పత్తిచేలలో మొలచినదానిని కోయకండి, పురుగుమందులు దానిపైనా పడియుంటాయి. బజారులో చూర్ణం కొనుటకంటె కాయలతో ఉన్న ఎండు మొక్కనే కొనండి. చూర్ణమైన పిదప అది ఏ జాతి మొక్కయో చూపుతో పోల్చుకొనుట వైద్యునికి సైతం సాధ్యం కాదు.